మౌలాలీ ఊడ్చిన గది

నరసరావుపేటలో పరుపులు కుట్టే మౌలాలీకి అరవై మూడేళ్లు. భార్య మహమూదా ఉబ్బసంతో పోయి నాలుగేళ్లయింది. ఆమె మంచాన పడిన చివరి రెండేళ్లూ ఇంటిపనంతా ఆయనే చేశాడు. దుమ్ము పడదని ఎవరో చెబితే పొద్దునా సాయంత్రం చీపురు పట్టి, ఆమె పడుకున్న గదిని మూలమూలలా ఊడ్చేవాడు. పరుపును కూడా చేత్తో తట్టి దులిపేవాడు.

కిందటి చలికాలం కూతురు జెబాకు అదే ఆయాసం మొదలైంది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే జెబా అక్కడ బాగానే ఉండేది. ఇంటికొచ్చి తల్లి పరుపు మీద నడుం వాల్చిన గంటకే ఛాతీలో పిల్లికూతలు. వంటింట్లో ఉన్న మౌలాలీ అవి వినపడగానే పొయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చేవాడు. అచ్చం మహమూదా ఊపిరి.

ఇద్దరూ ఆసుపత్రికి వెళితే, డాక్టర్ పద్మజ మందులు రాస్తూ ఇంటి సంగతులు అడిగింది. ఎలా ఊడుస్తారో మౌలాలీ కాస్త గర్వంగానే చెప్పాడు. ఆమె రాయడం ఆపింది.

"పొడి చీపురుతో ఊడిస్తే సన్నదుమ్ము పోదండీ, పైకి లేస్తుంది. చాలాసేపు గాల్లోనే ఉంటుంది. గదిలో ఉన్నవాళ్లు దాన్నే పీలుస్తారు."

కంటికి కనపడని పురుగులు పరుపుల్లో చేరతాయనీ, మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటి తిండి అనీ, వాటి మలమే జెబాకు పడటం లేదనీ చెప్పింది. హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్ కొనమంది. మామూలువి పీల్చిన సన్నదుమ్మును వెనకనుంచి మళ్లీ వదులుతాయట. అది నడిచేటప్పుడు జెబా గదిలో ఉండకూడదు. నేల తడిగుడ్డతో తుడవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, మందు మాత్రం మానకూడదు. అన్నీ జెబానే విన్నది. మౌలాలీ మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

మెషిన్ వచ్చిన శుక్రవారం, జెబా స్కూల్లో ఉండగా, ఆయన ముక్కుకు మాస్కు కట్టుకుని పరుపు మీద దాన్ని నడిపాడు. మోటారు హోరు కింద సన్నగా ఒక ఊపిరి వినిపించింది. కష్టంగా లోపలికి పీల్చి, చివర కూతతో వదిలే ఊపిరి. స్విచ్ తీశాడు. ఏమీ లేదు. వేశాడు, మళ్లీ వచ్చింది. గొట్టం ఊడదీసి చూశాడు. చిరుగు లేదు, ఏదీ అడ్డుపడలేదు.

డబ్బాలో పిండికన్నా మెత్తని బూడిదరంగు పొడి చేరింది. అందులో మహమూదా ఒంటి నుంచి రాలిందీ ఉంటుందని అప్పుడు తట్టింది. దాన్ని పారబోయలేక కవరులో కట్టి అరుగు మీద కూర్చున్నాడు. జెబా వచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"ఏంది నాయనా అది?"

"మీ అమ్మను నేనే చంపుకున్నా. రోజుకు రెండుసార్లు ఈ దుమ్ము లేపి పీల్పించా."

కాదంటుందని ఎదురుచూశాడు. జెబా సంచి దించి ఆయన పక్కనే కూర్చుంది.

"నువ్వు పరుపుల కొట్టుకు పోయినప్పుడు నేనూ ఊడ్చా నాయనా," అంది. "అప్పుడు మనిద్దరికీ తెలవదు."

మౌలాలీ కవరు తీసుకుని ఖబరస్తానుకు వెళ్లాడు. మహమూదా సమాధి పక్కన చేత్తో మట్టి తవ్వి, పొడి పోసి కప్పాడు. మర్నాడు ఆ పరుపును ఇంట్లోంచి తీసేసి, కొత్త పరుపుకు దుమ్ము దూరనంత దగ్గర నేత గుడ్డతో జిప్పు తొడుగు కుట్టాడు.

రెండు నెలలకు జెబా ఆయాసం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, ఇన్‌హేలర్ అవసరం ఎప్పుడో గానీ రావడం లేదు.

మౌలాలీ మెషిన్‌ను మెకానిక్ జిలానీకి చూపించాడు. అతను విప్పి, నడిపి, లోపమేమీ లేదన్నాడు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం జెబా బయటికి వెళ్లాక ఆయన తలుపేసుకుని దాన్ని నడుపుతాడు. ఆ ఊపిరి వస్తూనే ఉంటుంది. మొదట్లోలా కంగారుపడి ఆపడు. గది అంతా అయ్యేదాకా, మహమూదాతో కలిసి నెమ్మదిగా కదులుతాడు.