రోము గొల్లలు, తుంగతుర్తి మాటలు

వసంతది తుంగతుర్తి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే. మిర్యాలగూడ కాలేజీలో చరిత్ర చెబుతూ, రోమన్ చరిత్ర మీద పేరుమోసిన ఒక పెద్ద గ్రంథాన్ని తొమ్మిదేళ్లుగా తెలుగు చేస్తోంది. చక్రవర్తులు, యుద్ధాలు, సెనేట్ కొట్లాటలు అన్నీ తెలుగులోకి వచ్చేశాయి. పని ఆగింది పశువుల కాపరుల అధ్యాయం దగ్గర. నిఘంటువులో మాటలు దొరికాయి గాని, రాసి చదువుకుంటే వాటిలో ప్రాణం లేదు.

“అది వదిలేయండి మేడం, ఎవరు చదువుతారు?” అన్నాడు ప్రచురణకర్త. వసంత కూడా సరేననుకుంది.

ఆ ఎండాకాలం ఆమె తండ్రి యాదయ్య మోకాలు చూపించుకోవడానికి వచ్చి కూతురింట్లో నెల రోజులున్నాడు. చదువు రానివాడు. నలభై ఏళ్లు మందను తోలుకుని వేములపల్లి వరి కోసిన మళ్లకూ సాగర్ కాలువ గట్లకూ తిరిగిన మనిషి. ఒక పొద్దున కూతురు కాగితాలు పక్కకు నెట్టేయడం చూశాడు.

“అండ్ల ఏమున్నది బిడ్డా?”

“రోము గొల్లోళ్ల ముచ్చట నాయినా. ఎండాకాలం కొండలకు, చలికాలం మైదానాలకు మందలు తోలేటోళ్లంట. దారిల ఒక ఊరోళ్లు ఆపి, మీరు పారిపోయిన బానిసలు, ఇవి దొంగ గొర్లు అని పరేషాన్ చేసిన్రంట. ఆ సంగతి రాయి మీద చెక్కి ఉన్నది.”

యాదయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “నన్ను గూడ ఆపిన్రు,” అన్నాడు మెల్లగా. “నువ్వు పాలు తాగేటప్పుడు. దొంగవని రెండు దినాలు బడి వరండల కూసోబెట్టిన్రు. మంద చెదిరిపోయింది. పదకొండు గొర్లు దొరకనే లేదు. రోగమొచ్చి సచ్చినయని మీ అమ్మకు సెప్పిన.”

వసంత లేచింది. తైలం సీసా తెచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. మోకాలికి రాస్తూ, “మొదటికెల్లి చెప్పు నాయినా,” అంది. ఆయన చెప్పాడు. మంద ఎలా చెదురుతుందో, పిల్లను పోగొట్టుకున్న గొర్రె ఎలా అరుస్తుందో, దూరాన ఉన్నవాటిని ఏ కూతతో పిలుస్తారో. ఆ వారమంతా ఆమె తండ్రి మాటలతోనే ఆ అధ్యాయం రాసింది.

పుస్తకం సూర్యాపేట గ్రంథాలయంలో ఆవిష్కరించారు. కోదాడ నుంచి వచ్చిన ఒక పండితుడు, “రోము కాస్తా తుంగతుర్తి అయిపోయిందండీ,” అని మందలించాడు. తానైతే ఆ అధ్యాయమే మూడుసార్లు చదివానని, ముందే కాపీ అందిన ఒక రిటైర్డ్ టీచరు లేచి చెప్పింది.

మర్నాడు వసంత ఊరికెళ్లి తండ్రికి చదివి వినిపించింది. కాపరుల్ని ఇక వేధించొద్దని రోము పెద్ద అధికారుల నుంచి ఆ ఊరివాళ్లకు హెచ్చరిక వెళ్లిందనే దాకా ఆయన కదలకుండా విన్నాడు.

“హుకుమైతే వచ్చింది. మరి గొర్లు దొరికినయా?”

“అది రాయి మీద లేదు నాయినా.”

యాదయ్య కూతురి తల నిమిరాడు. “దొరికే ఉంటయి తియ్యి బిడ్డా,” అన్నాడు.