ఆమెన్ అనేదాకా

ఏలూరులో గణపవరం బస్సెక్కి, పక్క సీటు పెద్దాయనకు అలవాటుగా సువార్త కరపత్రం ఇచ్చాను.

"నేను దేవుణ్ణి నమ్మనండీ. ఇంకెవరికైనా ఇవ్వండి," అని మర్యాదగా తిరిగిచ్చేశారు. నా మనసు చివుక్కుమంది.

చేపల చెరువుల మధ్య రోడ్డంతా గతుకులే. ఒళ్లో భోజనం బాక్సు తెరిచి కళ్లు మూసుకున్నాను. అన్నానికి కృతజ్ఞతలు చెప్పి, ఆయన కళ్లు తెరిపించమని ప్రభువును చాలాసేపే వేడుకున్నాను. ఆమెన్ అని చూస్తే, జారిపోయిన నా బాక్సు ఆయన చేతుల్లో ఉంది. చేపల పులుసు ఆయన తెల్లచొక్కా మీద ఒలికింది.

"అయ్యో, పిలవొచ్చు కదండీ!"

"ప్రార్థనలో ఉన్నారు కదమ్మా. మధ్యలో ఎలా పిలుస్తాను?"

ఇప్పటికీ భోజనం ముందు ఆయన్ని తలుచుకుంటాను. ఆయన మారాలని అడగను. ఆ చేతులకు కృతజ్ఞతలు చెప్పి, అప్పుడు ఆమెన్ అంటాను.