తాలు ఫోల్డరు

నచ్చిన వెబ్‌సైటు కనిపిస్తే చాలు, బ్రౌజరులో పైనున్న నక్షత్రం గుర్తు నొక్కి దాచేస్తాను. అదో పిచ్చి నాకు. తెల్లదోమ మందులు, గుంటూరు మిర్చి యార్డు ధరలు, మంగళగిరి చీరలు, గోంగూర పచ్చళ్ళు, అన్నీ ఒకే గంపలో కుక్కినట్టుండేవి. కావలసింది మాత్రం సమయానికి దొరికేది కాదు.

మొన్న మార్చిలో మా మిరపకాయ కళ్ళంలో ఎండుతోంది. పాక నీడలో అత్తయ్య తాలు ఏరుతోంది. ఎర్రకాయ ఒక కుప్ప, రంగు చెడిన తాలుకాయ ఇంకో కుప్ప. పక్కనే ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న నాకూ ఊపొచ్చింది. పైరుకొక ఫోల్డరు, చీరలకొకటి, వంటలకొకటి తెరిచి సర్దడం మొదలుపెట్టాను. ఎంత సంబరమో! ఇన్నాళ్ళూ ఈ పని ఎందుకు చెయ్యలేదా అనిపించింది.

వానమబ్బుల పటం చూపించే పేజీ దగ్గర చెయ్యి ఆగింది. అంతకుముందు రెండుసార్లు వానన్నది, రెండుసార్లూ చినుకు రాలలేదు.

"ఇది పనికిరాదత్తయ్యా, తీసిపారేస్తున్నా."

"పారెయ్యడమేంటే? తాలుకైనా కొనేవాడుంటాడు. పక్కనపెట్టు," అంది అత్తయ్య, నేను దేని గురించి అంటున్నానో చూడకుండానే.

నిజమే, మా వైపు తాలుకాయ ఎవరూ పారబొయ్యరు. 'తాలు' అని ఇంకో ఫోల్డరు తెరిచాను. అందులో వేసేముందు ఊరికే ఆ పేజీ తెరిచి చూశాను. పటంలో చిలకలూరిపేట మీద ఎర్రగా చూపిస్తున్న పెద్దవాన మబ్బు పర్చూరు వైపు, అంటే మా మీదికే, జరుగుతోంది.

"మామయ్యా! వానొస్తోంది, పట్టాలు కప్పాలి!"

కళ్ళంలో కాయ తిరగేస్తున్న మామయ్య ఆకాశం చూశారు. "ఎండ మాడ్చేస్తంటే వానేంటమ్మాయ్? ఇప్పుడు కప్పితే పట్టా కింద ఉక్కకి కాయ ఉమ్మదీసి రంగు పోద్ది. ఏడాది కష్టం గంగలో కలుస్తది."

ఆయనన్నదీ సబబే. కప్పాక వాన రాకపోతే కాయ పాడు, కప్పకుండా వస్తే మొత్తం పాడు. అయినా లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను.

"ఇది రెండుసార్లు తప్పింది మామయ్యా, దాచను. కానీ ఈసారి మబ్బు ఎట్లా కదులుతోందో మీరే చూడండి."

కాసేపు కళ్ళార్పకుండా చూశారు. తర్వాత తలగుడ్డ బిగించి, "కుప్పెయ్యండి!" అన్నారు. అందరం పరుగులు. పారలు, చేటలు, చేతికందినవన్నీ వాడి కాయంతా కుప్పేసి పట్టా కప్పాం. ఘాటుకి తుమ్ములే తుమ్ములు, ఆ తుమ్ముల మధ్యే నవ్వులు.

అంతటితో ఆగితే ఆయన మా మామయ్య ఎందుకవుతారు? గట్టెక్కి చుట్టుపక్కల కళ్ళాలన్నిటికీ వినబడేలా కేకేశారు.

"ఒరేయ్, కప్పండిరా! మా కోడలు చెప్పింది, వానొస్తంది!"

కొందరు నవ్వారు. కొందరు ఆయన మాట మీద పట్టాలు లాగారు. ఇక వాన రాకపోతే పోయేది మా కాయొక్కటే కాదు, ఊళ్ళో ఆయన మాటకున్న విలువ కూడా. ఇంత నమ్మకానికి నేను తగుదునా అనిపించి ఏడుపూ ఆనందమూ కలిసి తన్నుకొచ్చాయి. కళ్ళంలో మిరపకాయ పెట్టుకుని వాన పడాలని మొక్కుకున్న రైతుకోడలిని మా ప్రాంతంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొదటి చినుకు నా ముక్కు మీదే పడింది. ఊరంతా వినేలా అరిచాను.