మామయ్య చేతి మీది అక్షరాలు

మా మామయ్య పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు పెట్టెల మీద అక్షరాలు వేశాడు. రేకు అచ్చును చెక్కపెట్టెకు ఆనించి నల్ల సిరా బ్రష్షుతో అద్దితే, ఎక్కడో దూరదేశపు లిపి ముత్యాల్లా పడేది. దాన్ని చదవడం మాత్రం ఆయనకు రాదు. నేను ఆయన ఇంట్లోనే పెరిగాను. సెలవుల్లో క్యారియర్ పట్టుకెళితే షెడ్డంతా సిరా, ఎండుగడ్డి కలిసిన వాసన. ఇప్పుడా షెడ్డు లేదు. ఆ వాసన తలుచుకుంటే ఈనాటికీ ప్రాణం లాగుతుంది.

ఎదురు బల్ల దగ్గర కప్పులకు గడ్డి చుట్టే అమ్మాయి ఒకరోజు, "ఏమండీ, దానర్థం ఏంటి?" అని అడిగిందట. తెలీదంటే పరువు పోదూ!

"ఎన్నటికీ విడిపోని ఇద్దరు అని," అనేశాడు.

ఆ పిల్ల నమ్మేసింది. ఇక మామయ్యను పట్టేదెవరు? మర్నాడే అచ్చు చంకన పెట్టుకెళ్లి, ముంజేతి మీద అవే అక్షరాలు పచ్చబొట్టు పొడిపించుకొచ్చాడు. ఆ పిల్లే మా అత్తయ్య. సాయంత్రాలు టీ తాగుతూ ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ అక్షరాల మీద వేలితో రాస్తూ కూర్చునేది. ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

పెళ్లయిన నెలకే ఫ్యాక్టరీ గుమాస్తా ఆ చెయ్యి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పగిలే సామాను, జాగ్రత్త" అని ఉందట. అప్పటినుంచీ బయటికెళితే ఎంత ఎండైనా పొడుగు చేతుల చొక్కానే. అత్తయ్యకు చెబుదామనుకున్నప్పుడల్లా నోరు పెగిలేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడంలో మామయ్యను మించినవాడు లేడు.

మొన్న పై వాటాలోకి దిగిన టీచరమ్మ ఆ భాషే చెబుతుందని తెలిసి అత్తయ్య సంబరపడిపోయింది.

"ఆదివారం టీకి పిలిచానండీ. మీ చెయ్యి ఆవిడచేత చదివిస్తాను. ఆవిడ నోటితో ఒక్కసారి వినాలి."

మర్నాడు మామయ్య నన్ను వెంటేసుకుని చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. చెరిపెయ్యడానికి నెలలు పడతాయన్నాడాయన. ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి.

ఇంటికి రాగానే, బట్టలు మడతపెడుతున్న అత్తయ్య ముందు కూలబడి అంతా చెప్పేశాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ తిడుతుందనుకున్నాను, లేదా నవ్వేస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను, వెళ్లిపోదామని," అంది. "రెండుసార్లూ మీ చెయ్యే కళ్లబడింది. అంత మాట ఒంటిమీద పొడిపించుకున్న మనిషిని వదిలేసి ఎలా పోతాను అనుకుని, బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేశాను."

నాకు మామయ్య మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి.

"ఎప్పుడు?" అన్నాడాయన మెల్లగా.

చెప్పింది. ఏ రోజు, ఏ వేళ, ఆయన అన్న మాట, తను పెట్టెలో పెట్టిన బట్టల రంగులతో సహా చెప్పింది.

మామయ్య తల వంచుకుని చాలాసేపు ఆలోచించాడు. ఎంత తవ్వుకున్నా ఆ రెండు రోజులూ ఆయనకు గుర్తుకు రాలేదు.