కుళాయి దగ్గరి బండలు

మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ ఒకే కోరిక చెప్పేది. పట్నంలో బిషప్పు గారి పెద్దగుడి నేల మీద చెప్పుల్లేకుండా నడవాలని. ఒకప్పుడు మా గురజాల వైపు ఊళ్ళన్నీ ఎక్కడో మద్రాసులోని అగ్రపీఠం, అంటే అక్కడి ఆర్చిబిషప్పు గారి కింద ఉండేవంట. తర్వాత పీఠం దగ్గరికొచ్చి, మనకంటూ ఒక బిషప్పు, ఆయనకొక గుడి వచ్చినప్పుడు, ఆ గుడి నేలకి నాపరాళ్ళు మా ఊరి నుంచే ఎడ్లబండ్ల మీద వెళ్ళాయని అమ్మ చెప్పేది. ఆ బండ్లలో ఒకటి మా తాతది. అప్పటికి అమ్మ ఇంకా పుట్టలేదు. అయినా ఆ ప్రయాణమంతా తను చూసినట్టే చెప్పేది.

పోయినేడు పీఠం పండగకి మా గుడి విచారణ కింది ఊళ్ళ నుంచి బస్సు పెట్టారు. అమ్మని తీసుకెళ్ళాను. గుళ్ళోకి అడుగుపెట్టగానే నా కాళ్ళు జారాయి. నేలంతా నున్నటి గ్రానైట్. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి, అక్కడ దీపాలు సర్దుతున్న ఆయన్ని అడిగాను.

"పాత రాళ్ళా? పగిలిపోతుంటే తీసేశారండి. ఎటు పోయినయ్యో నాకూ తెలవదు," అన్నాడు.

వెనక్కి వచ్చేసరికి అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "ఏవే, మన రాళ్ళు?" అంది. ఆ ముఖం చూసి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. బయట వరండా పక్కన, కాళ్ళు కడుక్కునే కుళాయి దగ్గర నాలుగు పాత బండలు కనిపించాయి. అక్కడికి నడిపించుకెళ్ళాను.

"ఇవేనమ్మా. ఇవి మాత్రం ఉంచారు," అన్నాను.

అమ్మ వంగి ఆ తడి బండని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ముద్దు పెట్టుకుంది. నేను ఫోన్లో ఫొటో తీశాను.

ఊళ్ళో ఆ ఫొటో చూడని ఆడమనిషి లేదు. మా పక్కింటి పెద్దమ్మ రోజూ వచ్చి చూపించమనేది. వాళ్ళ నాన్న కూడా ఆ బండ్లతోపాటే వెళ్ళాడు. దారిలో బండిచక్రం పాదం మీదికెక్కి, చనిపోయేదాకా కుంటుతూనే నడిచాడు. ఒకరోజు పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నన్ను గూడా తీసుకుపోవే. మా అయ్య మోసిన రాయి ఒక్కసారి ముట్టుకుంటా," అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను.

"అమ్మా, అవి మన రాళ్ళు కాదు. మన రాళ్ళన్నీ ఎప్పుడో తీసేశారంట."

"ఏంది?"

"ఆ బండలు ఎక్కడివో నాకు తెలవదు."

అమ్మ చేతులు ఆగలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అంది.

"అక్కడే."

"మరి ఫొటో తీశావుగా," అంది.

ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర అమ్మే పెద్దమ్మని ఆపింది. "వదినా, ఆ రాళ్ళు అవి కాదంట. మా పిల్ల తెలియక చెప్పింది. మొన్ననే తెలిసింది దానికి."

"పోనీలే, పిల్లదేం జేసుద్ది," అంది పెద్దమ్మ. నావైపు తిరిగి, "గోడలన్నా చూస్తా, తీసుకుపో," అంది.

సరేనన్నాను. నాకు ముందే తెలుసన్న మాట మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. అమ్మ నావైపు చూడనైనా చూడలేదు.

ఈస్టరు తర్వాత పెద్దమ్మని తీసుకెళ్ళాను. అమ్మ మోకాళ్ళ నొప్పులని రాలేదు. పెద్దమ్మ గోడకి అరచెయ్యి ఆనించి చానాసేపు నిలబడింది. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది.

అమ్మ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. వంట, మాటలు, అన్నీ మామూలే. కానీ రేపు పూజ ఎన్నింటికని నన్నడిగి, నేను చెప్పాక, లోపలికెళ్ళి, మా ఊరి గుడి చూసుకునే ఉపదేశి గారికి ఫోన్ చేసి మళ్ళీ అడుగుతుంది. తలుపు అవతల నుంచి నాకు వినపడుతూనే ఉంటుంది.