మూడు పొంగుల కాఫీ

పొద్దున గంటసేపు ఓపిక పట్టి ఫిల్టర్లో చుక్కచుక్కగా దించుకున్న డికాషన్ నాది. నేను పూజ ముగించి వచ్చేలోపు, ఎడపల్లి నుంచి వచ్చిన మా ఆడపడుచు సుశీల దాన్ని పాలల్లో పోసి, అల్లం వేసి, చాయ్‌లా మరిగించేసింది.

“మూడు పొంగులు రానిచ్చిన వదినా, మంచిగ చిక్కగైంది.”

“డికాషన్ మరిగితే చేదైతది సుశీలా. పాలు కాగినంక కలుపుకునుడే.”

“గిన్ని నఖరాలేంది? ఎట్లైనా కడుపులకే పోతది.”

“పోయేటప్పుడు నడుమ నాలుక తగుల్తది.”

చుట్టాలు నొచ్చుకుంటారని ఏది పోస్తే అది మింగడం యాభై ఏళ్లు చేశాను. ఈ రోజు గిన్నెడూ సింకులో ఒంపేసి, ఫిల్టర్లో మళ్లీ పొడి వేసి, ఇంకో గంట ఆగి తాగాను. సుశీల సాయంత్రం దాకా మూతి ముడుచుకునే తిరిగింది. కాఫీ మాత్రం అమోఘం. తప్పు నాదే అనిపిస్తే రాయండి. ఒప్పుకుంటానని మాత్రం అనుకోకండి.