రేపటి అలలు

అంగడివాళ్ల ఇంట పుట్టినదాన్ని కాబట్టి, బంగారు గనుల ఊరు ఊరిగాం బస్టాండులో మామిడిపండ్ల గంప ముందు కూర్చుని అరగంట బేరమాడాను. అమ్మే పెద్దావిడ విసిగిపోయి తన ఫోను నా చేతిలో పెట్టింది.

“ఇంగ చాలమ్మా నీ బేరం. రేపు సముద్రం ఎట్లుంటాదో చదివి చెప్పు. నా కొడుకు దూరంగా ఆ సముద్రం కాడ పలకమీద నిలబడి అలలెక్కేది నేర్పిస్తాడు.”

ఫోనులో రేపటి సూచన: ఎనిమిది అడుగుల అలలు, గట్టి గాలి. పక్కనే, అలలెక్కేవాళ్ల కోసం, ఇంగ్లీషులో ‘చాలా బాగుంది’ అని ఉంది.

“శుభవార్తమ్మా! అలలు బ్రహ్మాండం!” అన్నాను, రెండు పండ్లు ఎక్కువ రాబట్టవచ్చని.

ఆమె ముఖం పాలిపోయింది. వెంటనే మాట మార్చాను. “తప్పు చదివినానమ్మా. చిన్న అలలే.”

“దీంట్లో కూడా బేరమా? మా ఆయన గనిలో పోయిన దినం కూడా గనోళ్లు లోపల బాగుండాదనే చెప్పినారు. ఉండేది చెప్పు.”

చెప్పాను. ఆమె తలూపింది.

“అయితే రేపు వాడు గట్టెక్కినానని ఫోన్ చేసినాకే పొయ్యి ముట్టించేది. గని కాలం నుంచీ మేమింతే.”

అంతసేపు బేరమాడిన నేను ఆ కొడుకు పేరైనా అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో కంచం ముందు కూర్చున్నాను. అక్కడ పొయ్యి వెలిగిందో లేదో తెలియక, ముద్ద ఎత్తలేకపోయాను.